తెగని తాడు మార్చి ఏం లాభం?

ప్రశ్న: మాది కాకినాడ. చెట్లు కొట్టే పనులు ఒప్పుకుని ఆరుగురితో చేయిస్తుంటాను. ఇళ్ల మధ్య ఉండి, మొదలు నరికి పడగొట్టడానికి వీల్లేని చెట్లే మాకు ఎక్కువ వస్తాయి. ఒక మనిషి పైకెక్కి చైన్ సాతో ముక్కలు కోస్తాడు. గిలక మీదుగా తాడు వేసి వాటిని కిందికి దించుతాం. రెండు నెలల కిందట ఒక మేడ పక్కన పెద్ద నిద్రగన్నేరు తీస్తున్నాం. నిలువు కొమ్మను పైనుంచి మూడేసి అడుగుల ముక్కలుగా కోసుకుంటూ వస్తున్నారు. ఒక ముక్క కాస్త ఎక్కువ జారి ప్రహరీకి తగిలింది, పెచ్చు ఊడింది. ఇంటాయన గొడవ చేశాడు. నేను వేరే పని దగ్గర ఉండి ఫోన్లోనే మావాళ్ల మీద కేకలేశాను. ఆ తర్వాతి ముక్క అడుగున్నర మందం ఉంటుంది. 80 కేజీలు ఉంటుందనుకున్నాం. కోయగానే పడింది, తాడు దాన్ని టక్కున ఆపింది, గిలక కట్టిన పక్కకొమ్మ మొదలు చీలి ఊడొచ్చేసింది. ఆ దుంగ ఊగి, పైనున్న బాబాయ్ కాలిని మానుకేసి కొట్టింది. ఎముక విరిగితే రాడ్ వేశారు. తాడు మాత్రం తెగలేదు. కింద తాడు పట్టుకున్నది మా బామ్మర్ది. మానుకు తాడు చుట్లు ఎక్కువ వేసి బిగబట్టేశాడని, వదులుతూ రావాల్సిందని అందరూ వాడినే అంటున్నారు. ప్రస్తుతానికి పనిలోకి రావద్దని చెప్పాను. ఇంకా లావు తాడు కొన్నాను. తెలంగాణలో గీత కార్మికులకు ఇస్తున్న సేఫ్టీ కిట్ లాంటిది కూడా కొందామనుకుంటున్నాను. ఇలాంటిది మళ్లీ జరగకూడదంటే ఇంకా ఏం చేయాలి? పని అంటేనే మావాళ్లు టెన్షన్ పడుతున్నారు.
– ఒక పాఠకుడు, కాకినాడ

సమాధానం:

తాడు తెగలేదని మీరే రాశారు. ఆ వెంటనే లావు తాడు కొన్నానని కూడా రాశారు. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి ఇంకోసారి చదవండి. ప్రమాదం జరిగాక ఏదో ఒకటి చేయకపోతే మనసు ఊరుకోదు. దుకాణంలో దొరికేది తాడు కాబట్టి తాడు కొన్నారు. దగ్గరున్నవాడు బామ్మర్ది కాబట్టి అతన్ని ఆపేశారు. ఈ రెండింటితో రేపటి చెట్టు దగ్గర ఏం మారుతుంది? నా లెక్కలో, మారితే కొంచెం చెడువైపే మారుతుంది.

తాడు సంగతి ముందు చెబుతాను. అదే రకం నారతో చేసిన లావు తాడు, సన్న తాడు కంటే తక్కువ సాగుతుంది. పడుతున్న బరువును తాడు కాస్త సాగుతూ ఆపితే కుదుపు తగ్గుతుంది. సాగకుండా ఆపితే ఆ కుదుపంతా గిలక కట్టిన చోట పడుతుంది. మీ పాత తాడుకే ఆ కొమ్మ మొదలు ఊడొచ్చింది. అదే ముక్కను, అదే ఎత్తు నుంచి, అలాగే కట్టి, అన్నే చుట్లు వేసి కొత్త తాడుతో ఆపితే ఇంకా గట్టిగా లాగుతుంది. కొత్త తాడును పారేయమనడం లేదు. అది ఉందన్న ధైర్యంతో ఇంకో అర అడుగు పొడుగు ముక్క కోయకపోతే చాలు.

ఇక ఆ ముక్క బరువు. 80 కేజీలు అనుకున్నామన్నారు. పచ్చి చెక్క బరువు ఇంచుమించు నీళ్ల బరువే అనుకుని, అంటే ఘనమీటరుకు 1000 కేజీలని లెక్క వేసుకోవడం మంచిది. కొన్ని చెట్లు ఇంతకన్నా తేలికే, కానీ మనకు కావాల్సింది పొరపాటు పడినా ప్రాణం మీదికి రాని లెక్క. అడుగున్నర మందం, మూడడుగుల పొడుగున్న దుంగ ఈ లెక్కన 140 కేజీలు దాటుతుంది. అదే పొడుగు ముక్క అడుగు మందం ఉన్నచోట 65 కేజీలే. పొడుగు మారలేదు, మందం అర అడుగు పెరిగింది, బరువు రెట్టింపు దాటింది. కిందికి వచ్చేకొద్దీ కొమ్మ లావెక్కుతుంది. మూడేసి అడుగులని మొదట్లో పెట్టుకున్న కొలతతోనే కోసుకుంటూ వస్తే ప్రతి ముక్కా ముందుదానికన్నా బరువుగా ఉంటుంది. పైనున్న మనిషికి ఇది తెలియదా అంటే తెలుసు. కానీ అంతకుముందు నాలుగైదు ముక్కలు ఏ ఇబ్బందీ లేకుండా దిగి ఉంటాయి కాబట్టి చేతులు అదే కొలతకు అలవాటు పడిపోతాయి. మందం పెరిగినప్పుడల్లా పొడుగు తగ్గించాలన్న నియమం మీ ముఠాలో ఇంతవరకు లేకపోతే ఇప్పుడు పెట్టండి. ఏ మందానికి అడుగు పొడుగుకు ఎన్ని కేజీలో ఒక అట్టముక్క మీద రాసి చైన్ సా పెట్టెలో ఉంచితే పెన్నూ కాగితం పట్టుకుని కూర్చునే పని కూడా ఉండదు.

బరువు తెలిశాక రెండో లెక్క. బావిలోంచి చేద తోడేటప్పుడు చేద బరువు ఒకవైపు, మీరు లాగే లాగుడు ఇంకోవైపు, రెండూ కలిసి గిలక మీదే పడతాయి. మీ దుంగ సంగతీ అంతే. అది కదలకుండా వేలాడుతున్నా సరే, తాడు మీద 140 అయితే గిలక కట్టిన చోట 280 కేజీలకు దగ్గరగా ఉంటుంది. ఇది నిలకడగా ఉన్నప్పటి మాట. మీరు చేస్తున్న పనిలో గిలక కోత కింద ఉంటుంది, ముక్క పైన ఉంటుంది. కోయగానే ముక్క ముందు కిందికి పడుతుంది, ఆ తర్వాతే తాడు బిగుస్తుంది. చెట్టును ముక్కలుగా దించే పద్ధతుల్లో అన్నిటికన్నా ఎక్కువ కుదుపు ఇచ్చేది ఇదే. వేరే దారి ఉన్నచోట దీన్ని చేయకూడదు. నిలువు కొమ్మ ఒక్కటే మిగిలినప్పుడు వేరే దారి ఉండదు, అది నాకూ తెలుసు.

ముక్క మీటరున్నర పడింది అనుకుందాం. దాన్ని ఇంకో మూడు మీటర్ల మేర తాడు వదులుతూ మెల్లగా ఆపితే తాడు మీద పడే సగటు లాగుడు బరువుకు ఒకటిన్నర రెట్లు, అంటే 210 కేజీలు. అదే ముక్కను 20 సెంటీమీటర్లలో ఆపేస్తే ఎనిమిదిన్నర రెట్లు, 1200 కేజీలకు దగ్గర. గిలక దగ్గర దానికి ఇంచుమించు రెట్టింపు, అంటే రెండు టన్నుల పైమాట. మాను కాస్త వంగడం, చుట్లు కాస్త జారడం లాంటివి దీన్ని కొంత తగ్గిస్తాయనుకోండి. ఎంత తగ్గించినా, పక్కకొమ్మ నరికాక మిగిలిన మొదలు మోసే బరువు కాదిది. పక్కకొమ్మ మానుకు అతుక్కుని ఉండే చోటు కొమ్మ బరువును మోయడానికి పెరిగిందే తప్ప ఒక్కసారిగా వచ్చే ఈ లాగుడుకు కాదు. తొర్ర లేకపోయినా, పచ్చిగా నిగనిగలాడుతున్నా చీలుతుంది. గిలకను ఎప్పుడూ మానుకే స్లింగ్ (గిలకను కట్టే గట్టి తాడు) చుట్టి బిగించాలి, అదీ కింద ఒక పంగ ఆనుకునేలా ఉంటే మంచిది. పక్కకొమ్మ మొదలు మీద తగిలించేయడం సులువు, చేతికి అందుతుంది, నిమిషంలో అయిపోతుంది. అందుకే అందరూ చేస్తారు.

ఇప్పుడు అసలు సంగతి, మీ బామ్మర్ది.

అతను చుట్లు ఎక్కువ వేశాడన్నది నిజమే కావచ్చు. మాను బెరడు మీద తాడు వేసే ఒక్కో చుట్టూ పట్టును కొన్ని రెట్లు పెంచుతుంది. రెండు చుట్లకీ మూడు చుట్లకీ తేడా కొంచెం కాదు. మూడోది పడ్డాక తాడు జారమన్నా జారదు. కానీ అతను ఆ మూడో చుట్టు ఎందుకు వేశాడు? జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. మీరు రాసిన వరుసలోనే చూడండి. ఒక ముక్క ఎక్కువ జారింది. గోడ పెచ్చు ఊడింది. ఇంటాయన గొడవ చేశాడు. మీరు ఫోన్లో కేకలేశారు. ఆ తర్వాతి ముక్కకే అతను బిగబట్టాడు. ఆ సమయంలో అతని చెవుల్లో మోగుతున్న మాట ఏదై ఉంటుంది? “మళ్లీ జారనిచ్చావో!” ఇంతే కదా. అందరూ ఏం చేయమన్నారో అతను అదే చేశాడు. గోడను కాపాడాడు. ఆ పని గిలక దగ్గర ఎంత లాగుడు తెస్తుందో అతనికి ఎవరూ చెప్పి ఉండరు. పైనున్నాయన గిలకను దేనికి కట్టారో కింద నిలబడితే కనబడి కూడా ఉండకపోవచ్చు.

మిమ్మల్ని బోనెక్కించాలని కాదు నేను ఇది చెబుతున్నది. తప్పు బామ్మర్ది మీదనుంచి తీసి మీ మీద పెట్టినా నేర్చుకునేది ఏమీ ఉండదు, మనిషి మారతాడంతే. అతన్ని తీసేసి ఇంకొకణ్ణి పెడతారు. ఇంకో ఇంటాయన అరుస్తాడు. ఆ కొత్త కుర్రాడూ మూడో చుట్టు వేస్తాడు. పై మనిషికీ కింది మనిషికీ మధ్య ఆ ముక్క గురించి ఏ మాటలు నడిచాయి, ఏవి నడవలేదు అన్నది బయటికి రానంతవరకు ఇలాంటి ప్రమాదం మీ దగ్గర ఇంకోటి సిద్ధంగానే ఉన్నట్టు.

కాబట్టి కూర్చుని అడగండి. ఎలా అడగాలన్నది ఇక్కడ పెద్ద విషయం. అందరినీ ఒకచోట నిలబెట్టి “ఏం జరిగిందిరా?” అంటే మొదట నోరు విప్పినవాడి కథే అందరి కథ అయిపోతుంది. రెండు నెలలు గడిచాయి కాబట్టి ఇప్పటికే చాలావరకు అయిపోయి ఉంటుంది. అయినా ఒక్కొక్కరిని విడిగా, పని లేని రోజున, టీ తాగుతూ అడగండి. ప్రమాదం జరిగిన క్షణం నుంచి మొదలుపెట్టకండి. ఆ రోజు పొద్దున బండిలోంచి సామాను దించినప్పటి నుంచి చెప్పమనండి. “అలా ఎందుకు చేశావ్?” అనే ప్రశ్న ఎంత మెత్తగా అడిగినా నిలదీసినట్టే వినిపిస్తుంది. దానికి బదులు, అప్పుడు నీకు ఏం కనబడుతోంది, ఏం వినబడుతోంది, ఆ ముక్క ఎంత ఉంటుందనుకున్నావ్, పైనుంచి బాబాయ్ ఏమన్నారు, ఏమంటారని ఎదురుచూశావ్ అని అడగండి. ఒకరి మాట ఇంకొకరి మాటతో కలవకపోతే ఎవరు అబద్ధం చెబుతున్నారా అని ఆలోచించకండి. 25 అడుగుల ఎత్తున ఉన్నవాడికి, చైన్ సా చప్పుడు మధ్య కింద ఉన్నవాడికి ఒకే సంగతి ఒకేలా తెలియదు. మాటలు కలవని చోటే మీకు కావాల్సిన సమాచారం ఉంటుంది.

బాబాయ్‌ని ఆయన ఇంటికే వెళ్లి అడగండి. పెద్దాయన కాబట్టి మీరు ఆయన్ని తప్పు పట్టరు, ఆయన కూడా తన వైపు నుంచి ఏమీ చెప్పకుండా “ఏదో టైమ్ బాగోలేదురా” అని ఊరుకోవచ్చు. గిలకను ఆ మొదలుకే కట్టాలని ఎందుకనిపించింది, స్లింగ్ పైకి తీసుకెళ్లారా, బండిలోనే ఉండిపోయిందా, అసలు మీ దగ్గర ఉందా, ముక్క పడేటప్పుడు తను ఎటువైపు ఉన్నారు అన్నవి ఆయనే చెప్పగలరు. ఇంకో మాట. ఆసుపత్రి ఖర్చు ఎవరు పెట్టుకున్నారో, ఈ నెలలన్నీ ఆయన ఇల్లు ఎలా గడుస్తోందో మీరు రాయలేదు. ఆయన చెప్పబోయే దానికీ మీరివ్వబోయే డబ్బుకీ సంబంధం లేదని ముందే తేల్చేయండి, చేతల్లో చూపించండి. పనిలో దెబ్బ తగిలిన మనిషికి పరిహారం ఇవ్వాలన్నది చట్టంలోనే ఉంది. మీ విషయంలో అది ఎంతో కార్మిక శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. జీతం పోతుందేమోనన్న భయంలో ఉన్న మనిషి నిజమంతా చెప్పడు, చెప్పాలని మనం ఆశించనూ కూడదు.

ఊడొచ్చిన ఆ కొమ్మ మొదలు ఈపాటికి ఏ కట్టెల అడితిలోనో పొయ్యి కింద ముక్కలై ఉంటుంది. పోనివ్వండి. ఎవరి ఫోన్లోనైనా ఫొటోలు ఉన్నాయేమో చూడండి. చీలిన చోట చెక్క తెల్లగా తాజాగా ఉందా, గోధుమరంగులో పుచ్చి ఉందా అన్నది ఫొటోలోనూ తెలుస్తుంది. పుచ్చు ఉంటే ఎక్కేముందు చెట్టు చూసుకోవడంలో లోటు ఉన్నట్టు. తెల్లగా ఉంటే చెట్టు బాగానే ఉంది, మోయలేని బరువు మోపారన్నమాట. ఈ రెండింటికీ మీరు నేర్చుకోవాల్సినవి వేర్వేరు. ఇకమీదట ఏదైనా విరిగితే, తెగితే, ఆ ముక్కను పది రోజులైనా షెడ్డులో దాచి ఉంచండి.

కిట్ గురించి అడిగారు. తెలంగాణ ప్రభుత్వం 2024 జులైలో గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచం పేరుతో కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. తాటిచెట్టు మీంచి మనిషి జారి పడిపోకుండా ఆపడం దాని పని. మంచి పనే. కానీ మీ బాబాయ్ పడలేదు. దుంగ వచ్చి ఆయన్ని కొట్టింది. మనిషిని పట్టుకునే తాడు వేరు, బరువును దించే తాడు వేరు. ఒకదానికి కొన్న సామాను రెండోదాని ప్రమాదాన్ని ఆపదు. హార్నెస్ (ఎక్కే మనిషి ఒంటికి కట్టుకునే బెల్టు) కొనండి, మంచి హెల్మెట్లు కొనండి, అవి ఎలాగూ ఉండాలి. ఒక్కటి మాత్రం చూసుకోండి. మనిషి ఆధారపడే తాడునీ గిలకనీ ఎప్పుడూ ఒకే చోట కట్టకూడదు. నిలువు మాను ఒక్కటే మిగిలినప్పుడు మనిషి బెల్టు కూడా ఆ మానుకే ఉంటుంది, తప్పదు. అలాంటప్పుడు మాను మీద వచ్చే ప్రతి కుదుపూ మనిషికీ తగిలేదే. అందుకే ముక్క చిన్నదై ఉండాలి. చిన్న ముక్కలంటే పని రెండు గంటలు ఎక్కువ పడుతుంది. ఆ రెండు గంటల కూలి ముందే లెక్కలో వేసుకుని బేరం ఒప్పుకోండి. తక్కువకు ఒప్పుకుని చెట్టు మీద త్వరపడితే ఆ మిగులు ఎవరి ఒంటి మీదనుంచి వస్తుందో మీరిప్పుడు చూశారు.

మీ ఉత్తరంలో అసలు ప్రస్తావనే లేని విషయం ఒకటుంది. కాలు విరిగిన మనిషిని అంత ఎత్తునుంచి కిందికి ఎలా దించారు? ఎంతసేపు పట్టింది? పైకెక్కి ఆయన్ని అందుకోగలవాళ్లు ఆ రోజు కింద ఎవరైనా ఉన్నారా? ఈ మూడింటికి జవాబు వెతకండి. దెబ్బ తగిలి హార్నెస్‌లో కదలకుండా వేలాడే మనిషికి నిమిషాలు గడిచేకొద్దీ ఆ వేలాడటం కూడా ప్రమాదమే. 108 అంబులెన్స్ వస్తుంది కానీ వాళ్లు చెట్టెక్కరు. ఎక్కడం వచ్చిన రెండో మనిషి, అతనికి ఇంకో జత సామాను కింద సిద్ధంగా లేకపోతే ఆ రోజు పని మొదలుపెట్టకూడదని నా గట్టి అభిప్రాయం. మీ ఆరుగురిలో బాబాయ్ ఒక్కరే ఎక్కేవారైతే మీ దగ్గర ఉన్న అన్నిటికన్నా పెద్ద లోటు అదే.

ప్రమాదాల నుంచి నేర్చుకోవడాన్ని పద్ధతిగా పెట్టుకున్నవాళ్లు వేరేచోట్ల ఉన్నారు. అమెరికాలో పర్వతారోహకుల సంఘం 1948 నుంచి కొండలెక్కేటప్పుడు జరిగిన ప్రమాదాలను, ఏం జరిగిందో ఎలా జరిగిందో విడమరిచి ప్రచురిస్తోంది. 1976లో అక్కడే నాసా నడిపేలా ఒక ఏర్పాటు చేశారు. విమానం నడిపేవాళ్లు తమ పొరపాట్లను, త్రుటిలో తప్పిపోయిన గండాలను రాసి పంపితే పేర్లు తీసేసి అందరికీ తెలియజేస్తారు. చెట్ల పనిలోనే చూస్తే, 2008లో బ్రిటన్‌లో భద్రతా సంస్థ, అటవీ కమిషన్ కలిసి చేయించిన పరిశోధన ఒకటుంది. ముక్కలు దించేటప్పుడు తాడు మీద, మాను మీద ఎంత బలం పడుతుందో అందులో కొలిచి చూశారు. అమెరికా చెట్ల పనివాళ్ల పత్రికలో ప్రమాదాల వార్తలు క్రమంగా వస్తాయి. అవి చాలావరకు ఎవరికి, ఎక్కడ దెబ్బ తగిలిందన్న దగ్గరే ఆగిపోతాయి. అవి చదివితే భయం కలుగుతుంది గానీ రేపు పొద్దున ఏం మార్చుకోవాలో తెలియదు. మీరు రాసుకునేది అలా ఉండకూడదు.

అన్నట్టు, మీరు పట్టించుకోవాల్సిన ప్రమాదం ఇంకోటుంది. గోడ పెచ్చు ఊడదీసిన ముక్క. ఎవరికీ దెబ్బ తగల్లేదు కాబట్టి దాన్ని ఎవరూ ప్రమాదం అనలేదు. ఖర్చు మాత్రమే అన్నారు. నిజానికి ఆ ముక్క అప్పుడే మీకు రెండు మాటలు చెప్పింది. ముక్కలు బరువెక్కుతున్నాయి, కింద చుట్లు చాలడం లేదు అని. అక్కడ పని ఆపి పదినిమిషాలు కూర్చుని, ముక్క సగం చేసి, గోడ మీదికి రాకుండా దుంగకు ఇంకో తాడు కట్టి పక్కకు లాగే మనిషిని పెట్టి, కింద కోసిన కొమ్మల రొట్ట పరిచి ఉంటే ఆ తర్వాతి ముక్క సంగతి వేరేగా ఉండేది. దెబ్బ తగలకుండా తప్పిపోయినవాటిని చెప్పుకునే అలవాటు మీ ముఠాలో రావాలి. అది రావాలంటే చెప్పినవాడికి మొదటిసారి ఏం జరుగుతుందో అందరూ చూస్తుంటారని గుర్తుంచుకోండి. బామ్మర్దికి ఇప్పుడు జరిగింది వాళ్లు చూశారు. రేపు ఎవరి చేతిలో తాడు జారినా మీకు చెప్పరు.

అందుకని అతన్ని వెనక్కి పిలవండి. మిగతావాళ్లు వింటుండగా పిలిస్తే ఇంకా మంచిది. “నేను ఫోన్లో అలా అరిచి ఉండాల్సింది కాదు, గోడ పోతే కట్టిస్తాను, ఇకమీదట తాడు దగ్గర ఉన్నవాడు ఆపమంటే పని ఆగాలి” అని చెప్పండి. మీరు పెద్ద, బావ వరస. ఆ మాట అనడం మీకు కష్టంగానే ఉంటుంది. అత్తవారింట ఈ రెండు నెలల్లో ఏం మాటలు నడిచాయో కూడా నేను ఊహించగలను. అయినా మీరే ముందు అనాలి.

ఇక పని దగ్గర మాటలు కుదుర్చుకోండి. కోసేముందు పై మనిషి ముక్క ఎంత ఉంటుందో, ఎటు పడుతుందో, ఆపాలా వదలాలా, వదిలితే ఎంతమేర వదలాలో గట్టిగా చెప్పాలి. కింది మనిషి విని అదే మాట తిరిగి చెప్పాలి. చెప్పకపోతే చైన్ సా స్టార్ట్ చేయకూడదు. కింద ముక్క పడేచోట, ఊగేచోట ఎవరూ ఉండకూడదు. పొద్దున పని మొదలెట్టేముందు ఐదు నిమిషాలు చెట్టు చుట్టూ తిరిగి తొర్రలు, పుట్టగొడుగులు, పాత చీలికలు చూడండి. కరెంటు తీగలు దగ్గరుంటే లైన్‌మన్ ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే ఆ తీగల్లో కరెంటు ఆపించడం) తీసుకున్నాడని అతని నోటి నుంచే విన్నాకే ఎక్కండి. తాడు మీద రాసి ఉండే తెగే బరువులో పదోవంతు మాత్రమే మీరు వాడుకోగలిగేది. ముడి వేస్తే తాడు బలం మూడోవంతు నుంచి సగం దాకా తగ్గుతుంది. ప్రమాదంలో వాడిన ఆ పాత తాడునీ గిలకనీ ఇకపై బరువులకు వాడకండి. పైకి బాగానే కనబడినా సరే.

టెన్షన్ సంగతి మీరు చివర్లో ఒక్క ముక్కలో రాశారు గానీ అది చిన్నది కాదు. మళ్లీ నేరుగా మేడ పక్క చెట్టుకు వెళ్లకండి. పడినా ఏమీ కాని ఖాళీ స్థలంలో ఒక గట్టి చెట్టు చూసుకుని, మనిషెత్తు మీద గిలక కట్టి, 20 కేజీల దుంగతో తాడు వదలడం సాధన చేయండి. ఒక చుట్టుకు ఎలా జారుతుందో, రెండుకు ఎలా, మూడుకు ఎలా బిగుస్తుందో ప్రతి ఒక్కరూ తమ చేతులతో తెలుసుకోవాలి. పైన ఎక్కేవాళ్లతో కూడా కింద తాడు పట్టించండి. బాబాయ్‌కి ఓపిక ఉంటే ఒక కుర్చీ వేసి కూర్చోబెట్టండి, ఆయన చూసి చెబుతారు. ఆయన మళ్లీ చెట్టెక్కాలా వద్దా అన్నది డాక్టరూ ఆయనా తేల్చుకుంటారు. మీరు తొందరపెట్టకండి.